గోడకు ఇటువైపు

“ఏడవాలనిపిస్తే ఏడువమ్మా, ఇక్కడ అందరం ఒకటే,” అంటూ పెద్దావిడ నా చేతిలో టీ కప్పు పెట్టి భుజం తట్టింది. నాకు ఏడుపు రావడం లేదు, ఒళ్ళు మండిపోతోంది. తాగుడు మానేయాలనుకునేవాళ్ళ మీటింగు ఎక్కడో వెతుక్కుంటూ వచ్చి తాగుబోతుల పెళ్ళాల మీటింగులో తేలాను, అదీ నా ప్రమేయం ఏమీ లేకుండా. మెట్లెక్కి పైకి రాగానే, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మీసాలాయన నన్ను ఎగాదిగా చూసి, నేను నోరు విప్పేలోపే ఎడమవైపు తలుపు చూపించాడు. ఆడవాళ్ళు ఇటమ్మా, అన్నాడు, బస్సులో సీటు చూపించినట్టు. ఆడా మగా విడివిడిగా కూర్చుంటారు కాబోలు, ఒకందుకు మంచిదే అనుకుని లోపలికొచ్చి కూర్చున్నాను. మొదటావిడ మా వారు అంది. రెండో ఆవిడా మా వారే అంది. మూడో ఆవిడ మా వాడు అని కొడుకు గురించి ఎత్తుకునేసరికి నాకు విషయం బోధపడింది. అప్పటికే తలుపు మూసేశారు, టీ వచ్చేసింది, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు లేవకూడదన్న నియమం కూడా చెప్పేశారు. ఇప్పుడు లేచి ఏమని చెప్పను, లేవకుండా ఏమని కూర్చోను. ఎవరి కోసం వచ్చావమ్మా అని ఒక్క మాట అడిగితే ఆ మీసాలు రాలిపోయేవా? ఆయన లెక్కలో తాగుడుకీ ఆడదానికీ ఒకే ఒక్క సంబంధం, ఎవడో తాగుతాడు, ఆవిడ ఏడుస్తుంది.

ఇది పిల్లల ట్యూషన్ సెంటరు. పిల్లలు వెళ్ళిపోయాక సాయంత్రాలు ఈ రెండు గదులూ వీళ్ళకిస్తారట. గోడకి ఎక్కాల చార్టు, బల్ల మీద ఎవరో మరిచిపోయిన స్కేలు, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టి బెంచీలు. రెండు గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క, అదీ పైకప్పు దాకా లేదు. అవతల మగవాళ్ళు. అవతలే నా మీటింగు. వాళ్ళు దగ్గితే ఇక్కడ వినిపిస్తోంది, నవ్వితే వినిపిస్తోంది. ఆ మాటకొస్తే తాగినవాళ్ళే ఎక్కువ నవ్వుతున్నారు, తాగనివాళ్ళు ఇక్కడ ముక్కులు చీదుకుంటున్నారు. కానీ మాటలు మాత్రం వినబడనివ్వరు, దానికి వీళ్ళ దగ్గరొక పద్ధతి ఉంది, ఫాను. చలికి సగం మంది చెవులకి గుడ్డ చుట్టుకుని కూర్చున్నారు, అయినా నెత్తిన ఫాను తిరగాల్సిందే. అటు ఎవరి గొంతయినా పైకి లేచిందా, స్విచ్చుల దగ్గర కూర్చున్నావిడ ఎవరూ చెప్పకుండానే చెయ్యెత్తి రెగ్యులేటరు ఒక మెట్టు తిప్పుతుంది. ఎప్పుడో ఒకావిడ ఇక్కడ కూర్చుని, తన మొగుడు అక్కడ చెప్పింది వినేసి, ఇంటికెళ్ళి పెద్ద రభస చేసిందట. అప్పట్నుంచీ వాళ్ళ మాట వాళ్ళది, మన మాట మనది, అని పెద్దావిడ నాకు ప్రేమగా వివరించింది. మన అట. ఎవరమ్మా మనం? నా మాటలన్నీ చెక్కకి అవతల ఎవరెవరో చెప్పుకుంటున్నారు, నేనిక్కడ ఫాను గాలికి వణుకుతున్నాను. నిజానికి ఆ వణుకు ఫానుది కాదు. పొద్దున్నుంచి చుక్క ముట్టలేదు, సాయంత్రమయ్యేసరికి వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి, కప్పు బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాను. చూశావా, ఎంత భయపడిపోయిందో పాపం, అన్నట్టు పక్కావిడ నిట్టూర్చింది.

ఈ చోటు కనుక్కోవడానికి పడిన పాట్లు పగవాడిక్కూడా వద్దు. మధ్యాహ్నం బేకరీ స్టోరు గదిలో మైదా బస్తాల వెనక నిలబడి ఫోన్లో వెతికి, దొరికిన నంబరుకి ఫోన్ చేస్తే, అవతలాయన ఎంతో మర్యాదగా, చెప్పండమ్మా, మీ వారి వయసెంత అన్నాడు. నేను తెల్లమొహం వేసి, ఏం చెప్పాలో తోచక, మా ఆయన వయసు చెప్పాను. సోడా కూడా ముట్టని మనిషి, ఆయన వయసు ఎక్కడో తాగుబోతుల్లో కలిసిపోయింది. పాత సినిమా హాలు వెనక సందు, ట్యూషన్ సెంటరు పై అంతస్తు, బోర్డు ఉండదమ్మా, అడిగితే చెబుతారు, అన్నాడు. బోర్డు ఎందుకుండదంటే పరువు కోసమట. ఆ సందు మొదట్లోనే మందు దుకాణం ఉంది, దానికి మాత్రం వీధంతా ఎర్రగా వెలిగే బోర్డు, గుడ్డివాడికైనా దారి తెలుస్తుంది. సందు చివర ఇంకోటి, దానికి పచ్చ బోర్డు. చెడిపోవడానికి ఇన్ని దీపాలు పెట్టి, బాగుపడడానికి చీకట్లో అడుక్కుంటూ వెళ్ళమనడం ఎక్కడి న్యాయం? ఆ ఎర్ర వెలుతురు దాటి నడవడానికి నేను కాళ్ళని ఎంత బతిమాలుకున్నానో నాకే తెలుసు. తాళాలు బాగుచేసే అతన్ని అడిగాను. గొంతు తగ్గించి, పాపం, మీ ఆయనకా అమ్మా, అన్నాడు. ఇస్త్రీ చేసుకుంటున్నావిడని అడిగాను. ఎన్నేళ్ళయింది పెళ్ళై, అంది. జాలి, జాలి, ఎటు తిరిగినా జాలి. ఆ జాలంతా తీసుకెళ్ళి ఆవిడ ఇస్త్రీ పెట్టె కింద పెట్టాలనిపించింది.

ఆ మాటకొస్తే మా ఇంట్లో వాళ్ళని అని ఏం లాభం, వాళ్ళకి చాలా మంచి సాకు దొరికింది. నేను కేకుల మీద పేర్లు రాస్తాను. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, ఉద్యోగం వదిలి వెళ్ళేవాళ్ళకి వీడ్కోళ్ళు, అన్నీ నా చేతి మీదుగానే వెళతాయి. ఎండు పళ్ళ కేకు కోసం మా బేకరీలో కిస్‌మిస్‌లూ ఖర్జూరాలూ రమ్ములో నానబెట్టి పెద్ద గాజు జాడీల్లో పెడతాం, ఆ జాడీల బాధ్యత కూడా నాదే. ఇంకేం కావాలి. నా జుట్టు రమ్ము వాసనొస్తే బేకరీ వాసన. నా బట్టలు వాసనొస్తే బేకరీ వాసన. నోరు వాసనొస్తే కూడా, పాపం రోజంతా ఆ జాడీల దగ్గరే ఉంటుంది కదా, అంటారు. మా అత్తగారు ఆ బేకరీ కంపుతో వంటింట్లోకి రావద్దంటుందేగాని, ఏం తాగి వచ్చావే అని ఒక్కనాడూ అడగలేదు. మా ఆయన కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు, ఊరందరి చూపూ సరిచేస్తాడు, నా కళ్ళు ఎర్రబడితే మాత్రం ఓవెన్ వేడికి అంటాడు. రాత్రి సోఫాలో అడ్డంగా పడిపోతే దుప్పటి కప్పి, అలసిపోయిందర్రా, లేపకండి, అంటాడు. ఎంత మంచివాడో అని అందరూ అంటారు, మంచివాడే, కాదని ఎవరన్నారు. ఆ మంచితనం చూస్తే ఒక్కోసారి గోడకేసి తల బాదుకోవాలనిపిస్తుంది. ఒక్కసారి అరవచ్చుగా? జాడీలో ఎంత తగ్గిందో రోజూ చూసే మా ఓనరు కూడా, ఎండకి ఆవిరైపోతుందమ్మా, అని తనే సర్దిచెప్పుకున్నాడు. అందరూ కలిసి నన్ను ఇంత ముద్దుగా ముంచుతుంటే ఇక పైకి లాగేది ఎవరు?

మా అన్నయ్య తాగినప్పుడు ఇలా లేదు. వాడు తాగితే ఇంటిల్లిపాదికీ తెలుసు, తలుపు తీయడానికి ఒకరు, చెప్పులు విప్పడానికి ఒకరు, తెల్లారి నిమ్మకాయ నీళ్ళు పట్టుకుని అమ్మ. వాడు తిట్టినా నవ్వుకునేవాళ్ళు, చిలిపివాడు, మనసు వెన్న అనేవాళ్ళు. పెద్దల చేత చెప్పించారు, డాక్టర్ల దగ్గరికి తిప్పారు, మానేసిన రోజు వీధి వీధికీ మిఠాయి పంచినంత పని చేశారు. వాడి తాగుడు మా ఇంటి కష్టం. నా తాగుడు అసలు లేనే లేదు. నిద్ర పట్టడం లేదని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను ఒకసారి, ధైర్యం చేసి చెప్పేద్దామనే వెళ్ళాను, ఆవిడ నా చేతి వణుకు చూసి, మెల్లగా తలుపు దగ్గరికి వేసి, ఇంట్లో ఎవరైనా తాగుతారా, కొడతారా, అని అడిగింది. ఎవరూ కొట్టరండీ, అన్నాను. మొదటి ప్రశ్న ఆవిడా రెట్టించలేదు, నేనూ జవాబు చెప్పలేదు. బలానికని మాత్రలు రాసిచ్చి పంపింది.

ఇవాళ పొద్దున మా అమ్మాయి బండి ఎక్కలేదు. రోజూ బడి దగ్గర దించి నేను పనికి పోతాను. స్కూటరు స్టార్టు చేసి, ఎక్కవే అన్నాను. అది ఎక్కలేదు. నేను నడిచి వెళతానమ్మా, అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు, వానొచ్చేట్టుంది గొడుగు తీసుకెళతాను అన్నంత మామూలుగా అంది. పక్కింటి పిల్ల అక్కడే నిలబడి, ఎందుకే నడవడం అంటే, మా అమ్మకి నిద్ర సరిపోవడం లేదు, బండి మీద ఇబ్బంది పెట్టకూడదు, అని చెప్పింది. అచ్చం వాళ్ళ నాన్న గొంతు. అదే మెత్తదనం, అదే సర్దుబాటు. నా కోసం నా కూతురు అబద్ధం చెప్పడం నేర్చుకుంది, అది కూడా ఎంత చక్కగా నేర్చుకుందో, ఒక్క చోట కూడా తడబడలేదు. అది బ్యాగు తగిలించుకుని వీధి మలుపు దాటేదాకా ఇంజను ఆపడం కూడా మరిచిపోయి నిలబడ్డాను. నేను పెంచాలనుకున్న పిల్ల ఇది కాదు. దానికి రేపు పొద్దున కూడా బడి ఉంది. రేపు పొద్దున ఇవాళ్టిలా గుక్క వేసుకోకుండా బండి తీయాలి, నాకు కావలసింది అంతే, జీవితమంతా మానేస్తానని ఒట్లు పెట్టేంత వెర్రిదాన్ని కాను. ఇవాళ ఎలాగో నెట్టుకొచ్చాను, కోపంతో నెట్టుకొచ్చాను, కేకు మీద రాసిన పేరు వంకర పోతే క్రీముతో పూలు వేసి కప్పేశాను. కానీ ఆ కోపం రేపటిదాకా నిలుస్తుందా? నిద్రలేవగానే ఉండే ఆ మొదటి అరగంట నాకు తెలుసు. పళ్ళు తోముకునే బ్రష్షు మీద పేస్టు పడదు, పక్కన పడుతుంది. ఆ అరగంట ఎలా దాటాలో ఎవరైనా చెబుతారనే కదా ఇంత దూరం వచ్చింది.

నాకు ఇంకో పక్కనున్న చిన్నమ్మాయి వంతు వచ్చింది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ భార్యట, పాతికేళ్ళుంటాయేమో, చెంపలు పీక్కుపోయాయి. అతను అవతలి గదిలో లేడు, రానంటాడట, ఈ పిల్లే వాడి బదులు మీటింగులకి తిరుగుతోంది. మానేస్తానన్నప్పుడల్లా పొద్దున్నే పక్కన కూర్చుని వాడి చేతులు రెండూ పట్టుకునేదట, వణుకు తగ్గేదాకా. వేడి నీళ్ళు తాగించేదట, కథలు చెప్పేదట, తిట్లు తినేదట. అలా ఎన్నోసార్లు. ఆఖరిసారి చేతులు పట్టుకుని కూర్చుంటే, బాత్రూముకెళ్ళొస్తానని వెళ్ళి, నీళ్ళ ట్యాంకులోంచి సీసా తీసి తాగి, నవ్వుకుంటూ వచ్చి మళ్ళీ చేతులు ఇచ్చాడట, పట్టుకోమని. అది చెబుతూ ఆ పిల్ల నా భుజం మీద తల వాల్చేసింది. “వాళ్ళకి మన మీద ఇంత కూడా జాలి ఉండదు కదక్కా,” అంది. నా భుజం కొయ్యబారిపోయింది. వాళ్ళకి అంటే నాకే. నేనూ జాడీ మూత తీసి అలాగే నవ్వుకుంటూ వచ్చాను ఎన్నిసార్లో. ఈ పిల్ల కన్నీళ్ళు నా బట్టల్లోకి ఇంకుతున్నాయి, అవి నావి కావు, దొంగ సొమ్ములా వచ్చి పడుతున్నాయి, ఇంకొక్క నిమిషం ఇలా కూర్చుంటే దీన్ని కూడా మోసం చేసినట్టే. మా ఇంటి వాళ్ళు చాలరా మోసం చేయడానికి?

అప్పుడు అవతల ఒక బొంగురు గొంతు లేచింది. మొదటి రోజు పొద్దున్న, అంది ఆ గొంతు, ఆ మొదటి అరగంట ఉంది చూశారూ, నాకు బ్రష్షు కూడా చేతిలో నిలవలేదు. బ్రష్షు. నా బ్రష్షు సంగతి ఈయనకెలా తెలుసు? అప్పుడు నేనేం చేశానంటే, అని ఆ గొంతు అంటోంది, నేను బెంచీ మీంచి సగం లేచి ఆ చెక్కకేసి చెవి సాచాను, స్విచ్చుల దగ్గరావిడ చెయ్యెత్తి రెగ్యులేటరు చివరికంటా తిప్పేసింది. ఫాను దడదడలాడింది. చార్టు గోడ మీద ఎగిరెగిరి పడింది. అటు ఏదో గొణుగుడు, నవ్వు, చప్పట్లు. అయిపోయింది. నాకు కావలసిన ఆ ఒక్క ముక్కా ఫాను రెక్కల్లో పోయింది. ఆ స్విచ్చుల ఆవిడని ఏం చేసినా పాపం లేదనిపించింది.

పెద్దావిడ నా వైపు తిరిగింది. కొత్తవాళ్ళని బలవంతపెట్టం, కానీ చెబితే బరువు దిగుతుంది, అని ముద్దుగా మందలించింది. మీ వారు ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారమ్మా, అంది.

“మా వారు తాగరండి. తాగేది నేను.”

గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది, ఫాను మీంచి అవతలికి కూడా వెళ్ళుంటుంది. ఇన్నేళ్ళలో పైకి అనడం ఇదే మొదలు, అన్నాక ఇల్లేమీ కూలిపోలేదు. నా భుజం మీది తల మాత్రం లేచిపోయింది. ఆ పిల్ల నన్ను చూసింది, నా చేతులు చూసింది, చంకల్లోంచి బయటికొచ్చి ఆడుతున్న వేళ్ళు చూసి బెంచీ చివరికి జరిగిపోయింది. తల కొట్టేసినట్టయింది నాకు, కానీ దాని తప్పేముంది. పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అయితే నీది ఈ గది కాదమ్మా, అంది, నేనేదో దొంగతనంగా దూరినట్టు. అవతల గదికి ఆడవాళ్ళెవరూ రారని, వస్తే మగవాళ్ళు మొహమాటపడి మనసు విప్పరని, ఇంకా ఒకరిద్దరు నీలాంటివాళ్ళు దొరికితే విడిగా ఏర్పాటు చేద్దామని, అందాకా ఓపిక పట్టమని చెప్పింది. ఓపిక పట్టాలట. నాలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు చెడిపోయి, ముగ్గురమూ కలిసి దరఖాస్తు పెట్టుకునేదాకా. మగవాళ్ళకి మొహమాటం కలగకూడదు, నా కూతురు నడుచుకుంటూ పోయినా ఫరవాలేదు. ఆ మాట ఆవిడతోనే అనేసి, చేతిసంచీ తీసుకుని తలుపు తోసుకుని బయటికొచ్చాను.

మీసాలాయన కుర్చీలోంచి లేచి, అటు కాదమ్మా, అది మగవాళ్ళది, అన్నాడు. ఆయన మాట పూర్తయ్యేసరికి నేను లోపలున్నాను. అవే పొట్టి బెంచీలు, మోకాళ్ళు మడుచుకుని పెద్ద పెద్ద మగవాళ్ళు, తప్పు చేసి శిక్షకి కూర్చున్న పిల్లల్లా ఉన్నారు. అందరూ ఒక్కసారే తలలు తిప్పారు. ఒకాయన, ఫ్యామిలీ వాళ్ళు పక్క గదిలో అమ్మా, అన్నాడు. అక్కడ్నుంచే వస్తున్నాను, నేనూ మీలాంటిదాన్నే, జరగండి, అన్నాను. ఎవరూ జరగలేదు, అలాగని ఎవరూ పొమ్మనలేదు. నిలబడే అడిగాను. మొదటి రోజు పొద్దున్న సంగతి ఎవరు చెప్పారు, ఫాను చప్పుడుకి నాకు వినబడలేదు, మళ్ళీ చెప్పండి, రేపు పొద్దున నాకది కావాలి. కిటికీ పక్కన ఒక సన్నటి మనిషి లేచాడు. అంత గొంతు ఇంత చిన్న మనిషిలోంచి వచ్చిందా అనుకున్నాను. ఆయన జాలిపడలేదు, కంగారూ పడలేదు. ముందు డాక్టర్ని అడక్కుండా ఉన్నపళంగా ఆపడం ప్రమాదమని, ఇప్పుడే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి మందు రాయించుకోమని, కింద వీధిలో డాక్టరు ఇంకా ఉంటాడని చెప్పాడు. తర్వాత పక్కనున్న లావుపాటి ఆయన్ని చూపించి, “నేనేమీ చెయ్యలేదమ్మా. ఇతనే తెల్లారకముందే మా ఇంటికొచ్చి పక్కన కూర్చున్నాడు. మాత్రలు మింగాను, ఇతను చేతులు పట్టుకున్నాడు, అరగంట అయిపోయింది,” అన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఎవరో ఒకరు అలా వెళ్ళి కూర్చుంటారట, అది ఇక్కడి పద్ధతట.

అంతా విని, మరి మా ఇంటికి ఎవరొస్తారు, అన్నాను. బెంచీలు కిర్రుమన్నాయి. ఒకాయన మెడ నిమురుకున్నాడు, ఇంకొకాయన నేల చూశాడు. తెల్లారకముందే పరాయి మగాడు వచ్చి నా చేతులు పట్టుకుని కూర్చుంటే వీధి ఏమంటుంది, మా అత్తగారేమంటుంది, వాళ్ళ ఇళ్ళల్లో ఏమంటారు, అన్నీ అందరి మొహాల మీదా కనిపిస్తున్నాయి. లావుపాటి ఆయన పాపం, ఫోన్ చేస్తానమ్మా, అన్నాడు. ఫోన్ చేతులు పట్టుకుంటుందా? ఇంత పద్ధతీ పెట్టుకున్నవాళ్ళు ఒక ఆడది తలుపు తోసుకుని వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పొద్దున్నుంచీ నన్ను నిలబెట్టిన కోపం జారిపోతున్నట్టనిపించి, మొదటిసారి నాకు నిజంగా భయం వేసింది. ఆ ఎర్ర బోర్డు కిందే ఉంది, దాని ముందునుంచే ఇంటికెళ్ళాలి.

వెనక తలుపు దగ్గర ఎవరో ముక్కు చీదారు. లిఫ్టు మెకానిక్ భార్య. నా వెనకే వచ్చి అక్కడే నిలబడి విన్నట్టుంది, మీసాలాయన అడ్డం పెట్టిన చెయ్యి కింద నుంచి తల దూర్చి చూస్తోంది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, మొహం మాత్రం గంటు పెట్టుకుని ఉంది.

“నాకు మీ మీద ఒళ్ళు మండిపోతోంది,” అంది. “మీ ఇల్లెక్కడ?”